అరువు తెచ్చుకొన్న ఆకాశం

రాయపూరు నగరానికి ఉత్తరపుటంచున, ఉరలా పారిశ్రామిక వాడను ఆనుకొని ఉన్న బీర్‌గావ్ నేడు ఛత్తీస్‌గఢ్‌లో నగరపాలక సంస్థ గల పట్టణం. దేశంలోని ఏ పట్టణంలోనైనా కనబడేటట్లే అక్కడి మేడల మీద కూడా రెండడుగుల వెడల్పు గిన్నె యాంటెన్నాలు ఆకాశం వైపు ముఖం పెట్టి ఉంటాయి. ఆ గిన్నెలోకి దిగే బొమ్మ ఏ దేశపు ఉపగ్రహం నుండి వస్తున్నదో, ఆ ఉపగ్రహానికి ఆ చోట నిలిచే హక్కు ఎవరిచ్చారో ఆ ఇంటివారు ఆలోచించవలసిన అవసరం లేదు. అర్ధశతాబ్దం క్రితం పరిస్థితి వేరు. అంతరిక్షం నుండి ఒక దేశం మరొక దేశపు ప్రజలకు నేరుగా బొమ్మలు పంపవచ్చునా, పంపితే ఎవరి అనుమతితో, ఎవరి భాషలో అన్న వివాదం ఐక్యరాజ్యసమితిలో తీవ్రంగా సాగుతున్న రోజులవి. ఆ వివాదానికి ఆచరణలో తొలి సమాధానం దొరికిన చోట్లలో రాయపూరు జిల్లా పల్లెలు ఉన్నాయి. తెలుగునాట మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాదు జిల్లాల పల్లెలూ ఉన్నాయి.

1975 ఆగస్టు 1న ప్రారంభమైన ఆ ప్రయత్నానికి ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగమని పేరు. ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలను కలిపి దానిని ‘సైట్’ అని పిలిచారు. ఆరు రాష్ట్రాలు, ఇరవై జిల్లాలు, సుమారు 2,400 గ్రామాలు. గడువు ఒక్క సంవత్సరం. అప్పటికి మధ్యప్రదేశ్‌లో భాగమైన రాయపూరు, బిలాస్‌పూరు, దుర్గ్ జిల్లాలు కలిసి ఒక క్లస్టరు. పైన చెప్పిన నాలుగు తెలుగు జిల్లాలు మరొకటి. విజయనగరం నుండి రాయపూరు వరకు సాగే రైలుమార్గం వెంట తెలుగువారు ఉపాధికై వెళ్ళి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడడం పాత సంగతే. ఆ ఏడాది మాత్రం రెండు ప్రాంతాల పల్లెలనూ కలిపినది భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఒక అమెరికన్ ఉపగ్రహం.

దాని పేరు ఏటిఎస్-6. 1974 మే 30న అమెరికాలోని కేప్ కెనావెరల్ నుండి దానిని ప్రయోగించారు. ఆకాశంలో గొడుగులా విచ్చుకొనే తొమ్మిది మీటర్ల యాంటెన్నా దాని ప్రత్యేకత. అంతకు ముందరి ప్రసార ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాలు ఎంత బలహీనంగా ఉండేవంటే, వాటిని అందుకొనడానికి భూమిపై మహాకేంద్రాలు కట్టవలసి వచ్చేది. అలా అందుకొన్న బొమ్మను ఏ దేశానికి ఆ దేశపు ప్రభుత్వ సంస్థే తన ప్రజలకు తిరిగి ప్రసారం చేసేది. దేశపు వాకిట కావలివాడు ఉండేవాడన్నమాట. పైన ఉన్న యాంటెన్నా పెద్దదై, ప్రసారశక్తి పెరిగితే కింద చిన్న యాంటెన్నాతో పని జరుగుతుంది. కావలివాని ప్రమేయం లేకుండా బొమ్మ నేరుగా ఇంటికి చేరుతుంది. అగ్రరాజ్యాలను, వర్ధమాన దేశాలను ఏకకాలంలో కలవరపెట్టిన సాంకేతిక మార్పు ఇదే.

అంతరిక్షానికి సంబంధించిన మూల న్యాయం అప్పటికే ఏర్పడి ఉన్నది. 1967 జనవరి 27న సంతకాలకు పెట్టిన అంతరిక్ష ఒడంబడిక ప్రకారం చంద్రునిపై గాని, మరే ఖగోళంపై గాని, అంతరిక్షంలోని ఏ భాగంపై గాని ఏ దేశమూ సార్వభౌమాధికారాన్ని ప్రకటించుకొనరాదు. అంతరిక్ష వినియోగం సకల దేశాల మేలు కోసం జరగాలి. అయితే ఆకాశంలో ఎవరికీ హద్దులు లేనప్పుడు, ఆ ఆకాశం నుండి దిగివచ్చే మాటకూ బొమ్మకూ నేలమీది హద్దులు వర్తిస్తాయా? ఒడంబడిక ఈ విషయంలో మౌనం వహించింది. ఆ మౌనాన్ని పూరించడానికి ఐక్యరాజ్యసమితి అంతరిక్ష శాంతియుత వినియోగ సంఘం ప్రత్యక్ష ఉపగ్రహ ప్రసారాలపై ఒక కార్యవర్గాన్ని నియమించగా, అది 1969లో పని ప్రారంభించింది.

భారతదేశం ఈ చర్చలోకి ప్రేక్షకునిగా రాలేదు. 1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా నుండి తొలి రాకెట్టు ఎగిరింది. ఆ రాకెట్టు అమెరికాది. భూ అయస్కాంత రేఖకు సమీపంలో ఉన్న ఆ కేంద్రాన్ని అంతర్జాతీయ శాస్త్రజ్ఞులందరికీ తెరచి, 1968 ఫిబ్రవరి 2న ప్రధాని ఇందిరాగాంధీ ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి తొలి అంతరిక్ష మహాసభకు డాక్టర్ విక్రమ్ సారాభాయ్ శాస్త్రవిభాగాధ్యక్షులుగా వ్యవహరించారు. ఎవరి పక్షాన్నీ చేరకుండా అందరినుండీ నేర్చుకొనడం ఆనాటి విధానం. పేద దేశానికి ఇంతకన్న లాభకరమైన దారి ఉండేది కాదనే చెప్పాలి.

సారాభాయ్ ఆలోచన సాహసోపేతమైనది. దేశంలో టెలివిజన్ అప్పటికి ఢిల్లీకి పరిమితం. నగరం నుండి నగరానికి ప్రసార స్తంభాలు కట్టుకొంటూ పోతే పల్లెల వంతు వచ్చేసరికి దశాబ్దాలు గడుస్తాయి. ఉపగ్రహానికి నగరమూ పల్లే ఒకటే కనుక వెనుకబడిన పల్లెతోనే మొదలు పెట్టవచ్చునని ఆయన వాదన. ఇస్రో ఏర్పడి నెల రోజులు దాటిన కొద్ది రోజులకే, 1969 సెప్టెంబరు 18న, భారత అణుశక్తి శాఖకూ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. సారాభాయ్, నాసా అధిపతి థామస్ పెయిన్ దానిపై సంతకాలు చేశారు.

ఈ ఒప్పందంలోని పని విభజనను కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది. ఉపగ్రహం అమెరికాది, దానిని నడిపే బాధ్యతా అమెరికాదే. భూమిపై ఉండే సమస్తమూ, అంటే ప్రసార కేంద్రాలు, గ్రామాలలోని యాంటెన్నాలు, టెలివిజన్ పెట్టెలు, వాటి మరమ్మతు, భారతదేశం చూసుకోవాలి. కార్యక్రమాలలో ఏముండాలో నిర్ణయించేది పూర్తిగా భారతదేశమే. ఉపగ్రహ సమయానికి అద్దె లేదు. అమెరికాకు ఇందులో స్వార్థం లేకపోలేదు. 1964 అక్టోబరులో చైనా అణుపరీక్ష జరిపిన తరువాత, ఆసియాలో భారతదేశపు శాస్త్ర ప్రతిష్ఠ శాంతియుత రంగంలో పెరగడం వాషింగ్టన్‌కు అనుకూలమైన విషయం. విశాలమైన దేశంలో, గ్రామీణ వాతావరణంలో తన ఉపగ్రహం ఎలా పనిచేస్తుందో చూసే అవకాశం నాసాకు మరెక్కడా దొరకదు. అరువు ఇచ్చేవానికీ లెక్క ఉంటుంది. తీసుకొనేవాడు తన లెక్కను వదులుకొనకపోవడమే ఈ ఒప్పందంలోని విశేషం.

ఇటు ఒప్పందం అమలుకు ఏర్పాట్లు జరుగుతుండగా అటు ఐక్యరాజ్యసమితిలో మాటల యుద్ధం ముదిరింది. 1972 ఆగస్టులో సోవియట్ యూనియన్ ఒక అంతర్జాతీయ ఒడంబడిక ముసాయిదాను ముందుకు తెచ్చింది. విదేశీ ప్రేక్షకులకు నేరుగా ప్రసారం చేయదలచిన దేశం ఆ విదేశపు పూర్వసమ్మతి పొందాలని, లేకుంటే ఆ ప్రసారాన్ని అడ్డుకొనే హక్కు ఆ దేశానికి ఉంటుందని దాని సారాంశం. పాశ్చాత్య రేడియోలను ఏళ్ళ తరబడి జామ్ చేస్తూ వచ్చిన ప్రభుత్వం నుండి ఈ ప్రతిపాదన రావడంలో ఆశ్చర్యం లేదు. అమెరికా దానికి సమాచార స్వేచ్ఛాప్రవాహ సిద్ధాంతాన్ని ఎదురు నిలిపింది. ప్రపంచపు వార్తలలో, చిత్రాలలో సింహభాగాన్ని తయారు చేసే దేశం నుండి ఆ సిద్ధాంతం వినిపించడంలోనూ ఆశ్చర్యం లేదు. కెనడా, స్వీడన్ మధ్యేమార్గం సూచించాయి: సమ్మతి కావాలి, ప్రసారంలో గ్రహీత దేశానికి పాలూ ఉండాలి.

1972 నవంబరు 9న సర్వప్రతినిధి సభలో ఓటింగు జరిగింది. ప్రత్యక్ష ప్రసారాలకు నియమావళి అవసరమన్న తీర్మానానికి 102 దేశాలు అనుకూలం. వ్యతిరేకించినది ఒక్క అమెరికా. అదే నెలలో యునెస్కో కూడా ఉపగ్రహ ప్రసారాలపై మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. ఆ విధంగా న్యూయార్కులో ఏకాకిగా మిగిలిన అమెరికాతోనే భారతదేశం ప్రపంచపు అతి పెద్ద ప్రత్యక్ష ప్రసార ప్రయోగాన్ని సిద్ధం చేస్తున్నది. పైకి వైరుధ్యంగా కనబడినా ఇందులో వైరుధ్యం లేదు. పూర్వసమ్మతి అంటే ఏమిటో 1969 ఒప్పందం కాగితం మీద కంటే స్పష్టంగా చూపింది: ఉపగ్రహం ఒకరిది, మాట మరొకరిది.

ఆ ఒప్పందం నిలుస్తుందా అన్న సందేహం అనేకసార్లు కలిగి ఉండాలి. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతం వైపు పంపింది. ఆ నెల 30న సారాభాయ్ మరణించారు. 1974 మే 18న భారతదేశం పోఖరాన్‌లో అణుపరీక్ష జరిపింది. సరిగ్గా పన్నెండు రోజుల తరువాత ఏటిఎస్-6 కక్ష్యలోకి వెళ్ళింది. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్టు మీద ఎగిరింది. జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. ఇన్నింటి మధ్య ఒక ఉపగ్రహాన్ని అమెరికా ఖండం మీది చోటు నుండి జరుపుకొంటూ తూర్పు రేఖాంశం 35 డిగ్రీల దగ్గరికి చేర్చారు. రెండు దేశాల రాజకీయ నాయకత్వాలు ఒకరినొకరు అనుమానంగా చూసుకొంటున్న కాలంలో ఇంజనీర్ల మధ్య కుదిరిన పని తెగలేదు. దీనికి కారణం సద్భావన మాత్రమేనని అనుకొనడం పొరపాటు. ఒప్పందంలో ఇరువురి బాధ్యతలూ విడివిడిగా, స్పష్టంగా ఉండడం వల్ల తెంచుకొనడానికి సాకు దొరకలేదు.

ఇక నేల మీది సంగతి. గ్రామాలకు వెళ్ళిన పెట్టెలను తయారు చేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ. ఉపగ్రహ సంకేతాన్ని అందుకొనే భాగాన్ని అహమ్మదాబాదులోని అంతరిక్ష వినియోగ కేంద్రం రూపొందించింది. ఆనాడు దాని సంచాలకులు ప్రొఫెసర్ యశ్‌పాల్. యాంటెన్నా మూడు మీటర్ల వెడల్పు గలది. కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప వలనే పళ్ళెం ఆకారంలో బిగించి దానిని చేశారు. చౌక, తేలిక, గాలికి తట్టుకొనేది, బండి మీద పల్లెకు చేర్చగలిగేది. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో పెట్టె బ్యాటరీలతో నడిచింది. హైదరాబాదులో తయారైన పెట్టె ఛత్తీస్‌గఢ్ పల్లెలో పంచాయతీ భవనం ముందో, బడి వరండాలోనో వెలిగింది. పైన ఉన్న ఉపగ్రహం కంటే కింద ఉన్న ఈ వల గురించే ఎక్కువ చెప్పుకోవాలి. ఉపగ్రహాన్ని అమెరికా తీసుకొనిపోగలదు. 2,400 గ్రామాలలో పెట్టెలను నిలబెట్టి, చెడిపోతే బాగు చేయించి, ఏడాది పాటు నడిపించిన అనుభవాన్ని తీసుకొనిపోలేదు.

ప్రసారం రోజుకు నాలుగు గంటలు. ఉదయం గంటన్నర బడిపిల్లలకు. సాయంకాలం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వినోదం. ఆకాశవాణి కింద ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో నెలకొన్న నిర్మాణ కేంద్రాలు కార్యక్రమాలను తయారు చేశాయి. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం అనే నాలుగు భాషలకు కాలాన్ని పంచారు. ఒకే బొమ్మతో పాటు రెండు ధ్వని మార్గాలను పంపగల ఏర్పాటు ఉపగ్రహంలో ఉన్నది. దానివల్ల ఒకే దృశ్యాన్ని గుల్బర్గా రైతు కన్నడంలోను, మహబూబ్‌నగర్ రైతు తెలుగులోను వినడం సాధ్యమైంది. తొలి రోజుల్లో ఒక్కో పెట్టె ముందు వందలాది జనం మూగారు. కొత్తదనం తగ్గిన తరువాత సగటున వంద మంది దాకా నిలిచారు. ఒక విచిత్రం కూడా జరిగింది. కలకత్తాకు 1975 ఆగస్టు 9న, మద్రాసుకు 15న దూరదర్శన్ కేంద్రాలు వచ్చాయి. హైదరాబాదు, రాయపూరు నగరాలకు ప్రసార స్తంభాలు రావడానికి 1977 దాకా పట్టింది. అంటే మెదక్ పల్లె హైదరాబాదు కంటే ముందు, దుర్గ్ పల్లె రాయపూరు కంటే ముందు టెలివిజన్‌ను చూశాయి. నగరం నుండి పల్లెకు అన్న మామూలు క్రమం దేశ చరిత్రలో ఇంత స్పష్టంగా తలకిందులైన సందర్భాలు అరుదు.

అయితే రాయపూరు క్లస్టరు ఒక ఇబ్బందికరమైన విషయాన్ని కూడా బయటపెడుతుంది. బీహారు, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని మూడు క్లస్టర్లకూ కలిపి హిందీలో ప్రసారం జరిగింది. రాయపూరు, దుర్గ్, బిలాస్‌పూరు పల్లెల ఇంటి భాష ఛత్తీస్‌గఢీ. ముజఫర్‌పూర్‌లో వినిపించేది వేరు, జయపూరులో వేరు. ప్రభుత్వ లెక్కలో ఈ మూడూ హిందీ ప్రాంతాలే. పొద్దున పొలానికి, సాయంత్రం పెట్టె ముందుకు వచ్చే మనిషి చెవికి మూడూ ఒకటి కావు. తెలుగు క్లస్టరులోనూ ఇటువంటి ప్రశ్నే ఉన్నది. పాలమూరు పల్లె నుడికీ, స్టూడియోలో చదివిన తెలుగుకూ మధ్య ఉన్న దూరం తెలంగాణ పాఠకులకు వివరించనక్కరలేదు. దానిపై అన్ని క్లస్టర్లకూ ఉమ్మడిగా రోజూ అరగంట హిందీ కార్యక్రమం ఉండేది.

ఐక్యరాజ్యసమితిలో వర్ధమాన దేశాలు వినిపించిన వాదం ఏమిటి? ఒక బలమైన సంస్కృతి ఆకాశమార్గాన వచ్చి బలహీనమైన సంస్కృతిని కప్పివేయరాదు, అడిగి రావాలి. ఆ వాదం న్యాయమైనదే. కాని అక్కడ సమ్మతి తెలుపవలసినది ప్రభుత్వం. ప్రభుత్వం సమ్మతించిన తరువాత పల్లె సమ్మతి అడిగేవారెవరు? అత్యవసర పరిస్థితి అమలులో ఉన్న, పత్రికలు సెన్సారు కింద నలుగుతున్న సంవత్సరంలో ఈ ప్రశ్నను ఎవరూ బహిరంగంగా అడిగి ఉండరు. ప్రయోగ నిర్వాహకులను మాత్రం ఈ విషయంలో పూర్తిగా తప్పుపట్టలేము. గ్రామాలలో సామాజిక శాస్త్రజ్ఞులను నిలిపి, జనం ఏమి చూస్తున్నారో, ఏమి అర్థమవుతున్నదో, ఏది విసుగు పుట్టిస్తున్నదో రాయించినవారు వారే. ప్రసార సంస్థ తన ప్రేక్షకుని ఊరికి వెళ్ళి అడగడం ఆ తరువాత అంత విస్తారంగా జరగలేదు.

1976 జూలై 31న ప్రసారం ఆగిపోయింది. గడువు ముందే తెలిసినదే. మరికొంత కాలం ఉంచమన్న కోరికలు ఫలించలేదు. ఏటిఎస్-6 మెల్లగా పడమటికి కదిలి, దారిలో పలు వర్ధమాన దేశాలకు ప్రదర్శనలు ఇస్తూ, మళ్ళీ అమెరికా ఆకాశానికి చేరుకొంది. 1979లో దాని పని ముగిసింది. గ్రామాలలో పెట్టెలు, వలలు మిగిలాయి, బొమ్మ లేదు. ఆ ప్రాంతాలను విడిచిపెట్టరాదని రాయపూరు, హైదరాబాదు, గుల్బర్గా, సంబల్‌పూర్, జయపూరు, ముజఫర్‌పూర్‌లలో భూతల ప్రసార కేంద్రాలు నెలకొల్పారు. వాటి పరిధి స్తంభం చుట్టూ ఉన్న మేరకే; పాత పల్లెలలో చాలా భాగం ఆ వలయానికి వెలుపల మిగిలిపోయాయి. ఐక్యరాజ్యసమితి చర్చలన్నీ ప్రసారం అడగకుండా వస్తే ఏమి చేయాలన్న దాని చుట్టూనే తిరిగాయి. అడిగి తెచ్చుకొన్న ప్రసారం ఒక తేదీన ఆగిపోతే ఏమి చేయాలన్నది ఏ ముసాయిదాలోనూ లేదు.

ఉపగ్రహం నిలిచిన చోటు గురించి కూడా ఒక మాట. తూర్పు రేఖాంశం 35 డిగ్రీలు అంటే భూమధ్యరేఖ మీద కెన్యా దేశం. భారత గ్రామాలకు బొమ్మలు పంపిన ఉపగ్రహం ఏడాది పాటు కెన్యా నెత్తిన నిలిచింది. అది వెళ్ళిపోయిన నాలుగు నెలలకు, 1976 డిసెంబరు 3న, కొలంబియా రాజధాని బొగోటాలో భూమధ్యరేఖ దేశాలు కొన్ని సమావేశమై, తమ భూభాగం పైనున్న భూస్థిర కక్ష్య తమ ప్రకృతి సంపదలో భాగమని ప్రకటించాయి. సంతకం చేసినవాటిలో కెన్యా, ఇండోనేషియా, ఈక్వడార్, ఉగాండా ఉన్నాయి. 1967 ఒడంబడిక ముందు ఆ వాదం నిలువలేదు. అగ్రరాజ్యాలు దానిని తోసిపుచ్చాయి. కాని దాని వెనుక ఉన్న భయం అసత్యమేమీ కాదు. భూస్థిర కక్ష్య ఒకే ఒక వలయం. అందులో చోట్లు పరిమితం. ముందు వచ్చినవారికే చోటు అన్న పద్ధతి సాగితే, వెనుక వచ్చే పేద దేశానికి మిగిలేది ఏమీ ఉండదు. భారతదేశం ఆ కక్ష్యపై సార్వభౌమాధికారాన్ని కోరలేదు, భూమధ్యరేఖ దాని మీదుగా పోదు కూడా. న్యాయమైన పంపిణీ కావాలన్న వాదనలో మాత్రం వర్ధమాన దేశాల పక్షాన నిలిచింది. 1977 ఆరంభంలో జెనీవాలో అంతర్జాతీయ దూరసంచార సమాఖ్య జరిపిన మహాసభ ప్రత్యక్ష ప్రసారాల కోసం ఆసియా, ఆఫ్రికా, ఐరోపా దేశాలకు కక్ష్యలో చోట్లనూ, ప్రసార మార్గాలనూ ముందుగానే కేటాయించింది. ఐక్యరాజ్యసమితి వేదికపై నినాదాలు సాధించలేనిదాన్ని ఇంజనీర్ల పట్టికలు కొంతవరకు సాధించాయి. ఈ చరిత్రలో ఇటువంటి ఉదాహరణలు ఒకటికి మించి కనబడతాయి.

1982వ సంవత్సరం ఈ కథలో అనేక పోగులు ముడిపడిన సంవత్సరం. ఏప్రిల్ 10న ఇన్సాట్-1ఏ అమెరికన్ రాకెట్టు మీద వెళ్ళింది. అది అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థ కట్టిన భారత ఉపగ్రహం. ఆగస్టు 15న దేశవ్యాప్త రంగుల ప్రసారం మొదలైంది. అదే ఆగస్టులో వియన్నాలో జరిగిన రెండవ ఐక్యరాజ్యసమితి అంతరిక్ష మహాసభకు ప్రధాన కార్యదర్శి యశ్‌పాల్. రాయపూరు, మహబూబ్‌నగర్ పల్లెల అనుభవం ఆయనతో పాటు వియన్నాకు వెళ్ళింది. సెప్టెంబరులో ఇన్సాట్-1ఏ కక్ష్యలోనే చేజారింది. డిసెంబరు 10న సర్వప్రతినిధి సభ ప్రత్యక్ష ఉపగ్రహ ప్రసార సూత్రాలను 107 ఓట్లతో ఆమోదించింది. 13 దేశాలు వ్యతిరేకించాయి, 13 తటస్థంగా ఉండిపోయాయి. భారతదేశం అనుకూలంగా నిలిచింది. వ్యతిరేకించిన వారిలో అమెరికాతో పాటు పశ్చిమ ఐరోపా దేశాలు చేరాయి. ఏకాభిప్రాయంతో నడిచే అంతరిక్ష న్యాయంలో ఓట్ల లెక్కతో నెగ్గిన ఈ తీర్మానం పుట్టుకతోనే బలహీనమైనది. ఎవరు ప్రసారం చేయగలరో వారే ఒప్పుకొనని నియమం ఎవరిని కట్టడి చేస్తుంది?

తొమ్మిదేళ్ళలో సమాధానం వచ్చింది. ఏషియాశాట్-1 అనే ఉపగ్రహాన్ని 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్టు కక్ష్యలోకి చేర్చింది. అమెరికాలో వెస్టార్-6 పేరుతో పుట్టి, తప్పు కక్ష్యలో చిక్కుకొని, షటిల్ వ్యోమగాములు వెనక్కు తెచ్చి బాగు చేసిన ఉపగ్రహమే అది. 1991లో హాంకాంగ్ నుండి స్టార్ టి.వి. దాని ద్వారా ప్రసారాలు మొదలుపెట్టింది. సమ్మతి కోరిన ప్రభుత్వం లేదు; ఇవ్వమన్న సంస్థ లేదు. వీధి చివర కేబుల్ ఆపరేటరు గిన్నె పెట్టి, తీగ లాగి ఇంటింటికీ అందించాడు. పూర్వసమ్మతిపై ఇరవై ఏళ్ళు సాగిన దౌత్యచర్చను ఆ తీగ ఒక ఏడాదిలో దాటిపోయింది. ప్రభుత్వం పాత ప్రసార చట్టాలను తిరగవేస్తూ ఉండగా జనం చానళ్ళను తిరగవేశారు.

తెలుగువారికి దీనివల్ల కలిగిన లాభాన్ని దాచనక్కరలేదు. 1995లో జెమినీ, ఈటీవీ రంగప్రవేశం చేశాయి. ఆ రోజుల్లో ప్రైవేటు సంస్థలు భారత భూభాగం నుండి ఉపగ్రహానికి ప్రసారం పంపడానికి అనుమతి లేదు. అందువల్ల తెలుగునాట తయారైన తెలుగు కార్యక్రమం విదేశానికి వెళ్ళి, అక్కడి నుండి ఉపగ్రహమెక్కి తెలుగువారి ఇంటికి దిగేది. రాయపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాతృభాషలో రోజంతా టెలివిజన్ దొరకడం అప్పుడే మొదలు. సొంత ప్రభుత్వం సమ్మతితో వచ్చిన సైట్‌లో రాయపూరు క్లస్టరుకు తెలుగు లేదు, ఛత్తీస్‌గఢీ స్థానం అంతంతమాత్రం. సమ్మతి లేకుండా వచ్చిన ఉపగ్రహం మీద తెలుగు రాయపూరు చేరింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై గుత్తాధిపత్యం ప్రభుత్వానికీ తగదు, ప్రైవేటు వారికీ తగదని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా విపులమైన తీర్పు రాసిన న్యాయమూర్తి తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. సమ్మతి ఎవరిదన్న పాత ప్రశ్నకు ప్రభుత్వం అన్న జవాబు కాకుండా ప్రజలు అన్న జవాబు మన న్యాయస్థానంలో వినబడడం అదే మొదలని చెప్పవచ్చు.

సొంత ఆకాశం కోసం సాగిన ప్రయత్నం ఈలోగా ఆగలేదు. 1983 ఆగస్టు 30న షటిల్ మీద వెళ్ళిన ఇన్సాట్-1బి నిలిచింది. 1992లో ఇన్సాట్-2ఏతో ఉపగ్రహ నిర్మాణం మన చేతికి వచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి మన రాకెట్టు మీదనే ఎడ్యుశాట్ వెళ్ళింది. విద్య కోసమే కట్టిన ఆ ఉపగ్రహం, సైట్ ఆగిపోయిన ఇరవై ఎనిమిదేళ్ళకు, దాని పనిని ఏ గడువు తేదీ గురించీ మరొకరిని అడగకుండా కొనసాగించింది.

2017 మే 5న శ్రీహరికోట నుండి దక్షిణాసియా ఉపగ్రహం కక్ష్యకు వెళ్ళింది. 2014 నవంబరులో కాఠ్‌మాండూ సార్క్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ దానిని ప్రస్తావించినప్పుడు పొరుగు దేశాలన్నిటికీ ఉద్దేశించినది. పాకిస్తాన్ తప్పుకొన్నది, ఉపగ్రహం పేరులో నుండి సార్క్ అన్న మాటా తప్పుకొన్నది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, ఆఫ్ఘనిస్తాన్ చేరాయి. ఒప్పందాల స్వరూపం 1969 నాటి కాగితాన్ని చదివినవారికి కొత్తగా తోచదు: ఉపగ్రహం భారతదేశానిది, అద్దె లేదు, నేలమీది ఏర్పాట్లు, వాటి ద్వారా పంపే కార్యక్రమాలు ఏ దేశానివి ఆ దేశానివే. తప్పుకొన్న దేశం అడిగిన ప్రశ్న, తన నేల మీదికి దిగే సంకేతంపై అదుపు ఎవరిదన్నది, న్యూయార్కులో 1972లో భారతదేశం పక్కన కూర్చున్న దేశాలు అడిగినదే.